వరండా చివరి గది తాళంచెవి మా అమ్మాయికి తిరిగి ఇప్పించుట గురించి

పాఠశాలల తనిఖీ అధికారి గారి సముఖమునకు, బజారు మలుపులో తాళములు బాగుచేసుకొని జీవించువాడు భయభక్తులతో వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: ఉన్నత పాఠశాలలో వరండా చివరనున్న పదవ తరగతి గది తాళంచెవిని, అదే తరగతిలో చదువుచున్న నా కుమార్తె చేతికి తిరిగి ఇప్పించుటను గూర్చియు, ఆమె పేరు హాజరుపట్టీ నుండి కొట్టివేయకుండ ఆపుటను గూర్చియు.

పై విషయమును పురస్కరించుకొని తమకు మనవి చేసుకొనునది ఏమనగా:

1. నా కుమార్తె చదువులో వెనుకబడిన పిల్ల. ఈ మాట తండ్రినైన నేను అనుట లేదు. పాఠశాల నోటీసు బోర్డు మీద ‘ప్రత్యేక శ్రద్ధ అవసరమైన విద్యార్థులు’ అను శీర్షిక కింద ఆమె పేరు ఎర్ర సిరాతో అతికించబడి యున్నది. పోవు వారు, వచ్చు వారు, మంచినీళ్ళ కొళాయి వద్ద నిలబడు వారు అందరును చదువుచున్నారు. అర్ధ సంవత్సర పరీక్షలో ఆమె లెక్కలు, సైన్సు, ఇంగ్లీషు తప్పినది వాస్తవము.

2. సదరు కుమార్తెకు ఒక అన్న కలడు. అతడును అదే పాఠశాలలో చదివి, పదవ తరగతి నడుమ మానివేసినాడు. ఒకనాడు లారీ మీద క్లీనరుగా వెళ్ళినాడు. మొదట్లో ఫోను చేయుచుండెను. ఇప్పుడు చేయుట లేదు. అతని తల్లి ప్రతి సాయంత్రము ఆసుపత్రి లాండ్రీలో ఇస్త్రీ పని ముగించుకొని వచ్చి, చేతులు కడుక్కొని, ఆ నెంబరు నొక్కును. స్విచ్ఛాఫ్ అని చెప్పెడి గొంతును కడవరకు విని ఫోను కింద పెట్టును.

3. ఈ విద్యా సంవత్సరము మొదట సదరు పాఠశాలలోని ఒకానొక ఉపాధ్యాయిని (పేరు వ్రాయుట లేదు) నా కుమార్తెను పిలిచి, తరగతి గది తాళంచెవిని అప్పగించినారు. ఉదయము అందరికన్నా ముందు వచ్చి గది తెరచుట, సాయంత్రము అందరికన్నా వెనుక మూసివేయుట ఆమె పని. మొదటి ర్యాంకు పిల్లకు ఇవ్వక, క్లాసు లీడరుకు ఇవ్వక, ఎప్పుడు మానివేయునో తెలియని పిల్లను వెదకి మరీ ఇచ్చుట వారి పద్ధతి. ఏటా అట్లే చేయుదురట.

4. ఇక్కడి నుంచి చేతిరాత మారిందని తమరు గమనించే ఉంటారు. పై మూడు అంశాలూ నా బంకు ఎదురుగా బల్ల వేసుకుని అర్జీలు రాసే పెద్దాయన రాశారు. ‘అర్జీలో ఏడుపు ఉండకూడదోయ్, అంశాలుండాలి’ అని చెప్పి మరీ మొదలుపెట్టారు. నాలుగో అంశం ఏమిటని అడిగితే చెప్పాను. చెప్పగానే కలానికి మూత పెట్టేశారు. ‘ఇది అర్జీ కాదు, నేరం ఒప్పుకోలు. నా చేతిరాత దీని మీద ఉండకూడదు’ అన్నారు. ‘ఇప్పటిదాకా రాసింది మీ చేతిరాతే కదండీ’ అంటే ఆ కాగితం వంక ఒకసారి చూసి, గొడుగు తీసుకుని ఇంటికి వెళ్ళిపోయారు. కాబట్టి ఇకమీదట తప్పులుంటే నావే. నాకు భయంగా ఉంది సార్. అక్షరాలు అందుకే ఇలా ఉన్నాయి.

5. ఆ తాళంచెవి వచ్చాక మా ఇంట్లో ఏం జరిగిందో తమకు తెలియాలి. అంతకు ముందు పిల్లను నిద్ర లేపడం మా ఇద్దరికీ యుద్ధం. తాళంచెవి వచ్చిన మర్నాటి నుంచి మమ్మల్ని తనే లేపింది. నీలం రంగు తాడుకి కట్టి మెళ్ళో వేసుకునేది. అన్నం తినేటప్పుడు తీసి కంచం పక్కన పెట్టుకునేది. ఒకసారి జ్వరం వచ్చింది. ‘ఈ పూట పడుకోవే’ అని వాళ్ళమ్మ అంటే, ‘నేను పడుకుంటే క్లాసంతా బయట నిలబడాలమ్మా’ అని నీళ్ళ సీసా తీసుకుని వెళ్ళిపోయింది. తోటి పిల్లలు ‘తాళాలమ్మ వచ్చింది, లేవండ్రా’ అని వెటకారం చేసేవారట. ఇంటికొచ్చి ఆ మాట చెప్పి నవ్వేది. మా పిల్ల నవ్వగా నేను చూసి చాలా కాలమైంది సార్.

ముందుగా వెళ్ళి ఊరికే కూర్చోలేక బోర్డు తుడిచేది. బోర్డు తుడిచాక నిన్నటి లెక్క ఒకటి తనే వేసి చూసుకునేది. తప్పయితే ఎవరూ రాకముందే చెరిపేసేది. అలా చెరుపుతూ చెరుపుతూ కిందటి నెల పరీక్షలో లెక్కలు గట్టెక్కింది. బొటాబొటీగానే అనుకోండి. అయినా గట్టెక్కింది.

ఆ టీచరమ్మ ఒకసారి బీరువా తాళం బాగుచేయించుకోవడానికి నా బంకుకి వచ్చారు. ‘అంతమంది ఉండగా మా పిల్లకే ఎందుకిచ్చారమ్మా?’ అని అడిగాను. ‘మీ అమ్మాయి రాకపోతే ఎవరికీ తెలియట్లేదండీ. ఇప్పుడు రాకపోతే అందరికీ తెలుస్తుంది. అందుకిచ్చాను’ అన్నారు. మా వాడు మానేసిన రోజు గది మామూలుగానే తెరుచుకుంది, పాఠం మామూలుగానే జరిగింది. వాడు రాలేదని ఎవరూ మా గుమ్మం తొక్కలేదు. ఆవిడ ఆ మాట అన్నప్పుడు నాకు అదే గుర్తొచ్చి, బీరువా తాళానికి డబ్బులు తీసుకోలేదు.

లెక్కలు చెప్పే టీచరని పైన ఎక్కడైనా రాసి ఉంటే దయచేసి చదవవద్దు. రాశానేమోనని రెండుసార్లు వెతికాను. ఇప్పుడు రాసేశాను. ఇంకో కాగితం లేదు సార్.

6. తమరు తనిఖీకి వచ్చిన రోజు సంగతి. తమరు చెప్పాపెట్టకుండా ఉదయాన్నే వచ్చారు. అది మంచి పద్ధతే, నేను తప్పు పట్టడం లేదు. మా అమ్మాయి అప్పుడే గది తెరుస్తోంది. ఆ తర్వాత జరిగింది పిల్ల చెప్పగా విన్నాను, కాస్త అటూ ఇటూ అయితే మన్నించాలి.

‘నువ్వెవరమ్మా?’ అని తమరు అడిగారు.

‘గది తెరిచేదాన్ని సార్’ అంది.

‘పిల్లల చేతికి తాళాలిచ్చిందెవరు? లోపల సామాను పోతే ఎవరిది బాధ్యత?’

‘నాదే సార్’ అంది.

తమరు నవ్వారట. చెయ్యి చాపారట. పిల్ల మెళ్ళోంచి తాడు తీసి తమ చేతిలో పెట్టింది. తాళంచెవులన్నీ హెడ్మాస్టరు గారి దగ్గరే ఉండాలని తమరు అక్కడికక్కడే ఆర్డరు వేశారు. తర్వాత ప్రార్థన దగ్గర పిల్లలందరితో మాట్లాడారు. బాగా మాట్లాడారని మా అమ్మాయి చెప్పింది. వెటకారంగా కాదు సార్, నిజంగానే చెప్పింది. ‘వెనకబడిన పిల్లలకి ఏదో ఒక బాధ్యత అప్పజెప్పాలి, అప్పుడు వాళ్ళే దారిలో పడతారని అన్నారు నాన్నా’ అంది. ఆ పూట అన్నం సగంలో లేచిపోయింది.

7. అప్పటి నుంచి భయం మొదలైంది. మా ఇంట్లో భయానికి ఒక వరస ఉంది సార్. మా వాడప్పుడు చూశాం కాబట్టి మాకు కంఠతా వచ్చు. మొదట కడుపునొప్పి. తర్వాత పుస్తకాల సంచీ మంచం కిందికి వెళ్ళిపోతుంది. తర్వాత అడిగినదానికి ‘ఊఁ’ తప్ప మాట ఉండదు. ఆ తర్వాత ఒకరోజు పొద్దున మంచం ఖాళీగా ఉంటుంది. అమ్మాయికి కడుపునొప్పి వచ్చింది. నేనూ వాళ్ళమ్మా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. సంచీ మంచం కిందికి వెళ్ళిన రోజు వాళ్ళమ్మ వంటింట్లోకి పిలిచి, ‘ఏదో ఒకటి చెయ్యవయ్యా. దీన్ని కూడా ఫోన్లో వెతుక్కోమంటావా?’ అంది. నాకు చేతనైంది ఒక్కటే పని.

8. ఈ అంశం దగ్గరే పెద్దాయన గొడుగు తీసుకున్నది.

ఆ తాళంచెవి అన్నాళ్ళు కంచం పక్కన నా కళ్ళ ముందే ఉంది. దాని పళ్ళు నాకు తెలియకుండా ఎలా ఉంటాయి? బంకులో కూర్చుని ఆకురాయి పట్టి అలాంటిదే ఒకటి చేశాను. కొత్తగా మెరుస్తుంటే ఇటుక పొడితో రుద్ది పాతదానిలా చేశాను. నీలం తాడు కొన్నాను. ఇంటికి తీసుకెళ్ళి పిల్ల చేతిలో పెట్టాను.

‘ఎవరిచ్చారు నాన్నా?’ అని అడిగింది.

‘మీ టీచరు పంపించింది. ఎవరికీ చెప్పొద్దంది’ అన్నాను.

చూడాల్సింది సార్, ఆ మొహం. నేను ఆ మొహం కోసమే అబద్ధం ఆడాను. మంచం కిందనుంచి సంచీ తనే లాక్కుంది. మర్నాడు మాకన్నా ముందు లేచింది. వెళ్ళి గది తెరిచింది, బోర్డు తుడిచింది, లెక్క వేసుకుంది. హెడ్మాస్టరు గారు వచ్చేసరికి పిల్లలందరూ లోపల బుద్ధిగా కూర్చుని ఉన్నారు. ఆయన బల్ల మీద ఉండాల్సిన తాళంచెవి బల్ల మీదే ఉంది. గది తెరిచి ఉంది.

పిల్లను ఆఫీసు గదిలో నిలబెట్టారు. ‘ఈ తాళంచెవి ఎక్కడిది?’ అంటే మాట తిప్పుదామని చూసిందట, చేత కాలేదు. ‘మేడం పంపించారు సార్’ అంది. పాపం దానికి నిజమది. మేడం గారిని పిలిచారు. ఆవిడ ఆ తాళంచెవి చూశారు, పిల్ల మొహం చూశారు. ‘నేను పంపానని నీకెవరు చెప్పారమ్మా?’ అని అడిగారు. ‘నాన్న’ అంది. ఆవిడకి అంతా అర్థమై ఉంటుంది. ఒక్క మాటతో తప్పుకోవచ్చు సార్. తప్పుకోలేదు. హెడ్మాస్టరు గారి వైపు తిరిగి, ‘అవునండీ, నేనే పంపాను’ అన్నారు.

ఆవిడకి మెమో ఇచ్చారు. విచారణ తేలేదాకా పిల్లను క్లాసులోకి రావద్దన్నారు. నేను వెళ్ళి కాళ్ళావేళ్ళా పడితే హెడ్మాస్టరు గారు, ‘తాళాలవాడి కూతురు దొంగతాళంతో బడి తెరిచిందంటే రేపు నా కుర్చీ ఉంటుందా? టీసీ తీసుకుని వేరే చోట చేర్పించుకో’ అన్నారు. ఆయనకీ భయమే సార్. తమరంటే భయం. పరీక్షలు దగ్గరికొచ్చాయి. ఇప్పుడు టీసీ ఇస్తే ఏ బడి చేర్చుకుంటుంది? అది ఇంక బడి మొహం చూడదు.

కాబట్టి వాంగ్మూలం ఇస్తున్నాను. ఆ తాళంచెవి చేసింది నేను. అబద్ధం ఆడింది నేను. టీచరమ్మకి సంబంధం లేదు. పిల్లకు తెలియదు.

9. ఇంటికొచ్చాక పిల్లకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను. కోప్పడితే బాగుండేది. ‘నీ తాళంచెవి బాగానే తిరిగింది నాన్నా’ అంది. ‘నువ్వైతే ఎవరడిగినా చేసిస్తావు. మొదటిది మేడం నాకని ఇచ్చారు’ అంది. అంతే. ఆనాటి నుంచి నాతో మాట లేదు. ‘ఊఁ’ కూడా లేదు. మా వాడి వరసలో ఇక మిగిలింది ఒక్కటే. రాత్రిళ్ళు వాళ్ళమ్మ దాని చెంగు పట్టుకుని పడుకుంటోంది. నేను గుమ్మానికి అడ్డంగా పక్క వేసుకుంటున్నాను. ఊరందరి తలుపులకీ తాళాలు వేసేవాణ్ణి, నా తలుపుకి ఏ తాళం వెయ్యాలో తెలియట్లేదు సార్.

ప్రార్థనలు:

(అ) టీచరమ్మ మెమో రద్దు చేయించవలెను.

(ఆ) పిల్ల పేరు హాజరుపట్టీలో ఉంచవలెను. నోటీసు బోర్డు మీది పేరు తీయించవలెను. తీయడం వీలుకాకపోతే కనీసం కొళాయి దగ్గర నుంచి బోర్డు అయినా జరిపించవలెను.

(ఇ) దొంగతాళం చేసినందుకు నా బంకు మూయించండి, సామాను జప్తు చేయండి, స్టేషనుకు పంపండి. ఏదైనా సరే. కానీ ఆ తాళంచెవి పిల్ల చేతికి తిరిగి ఇవ్వండి. నేను చేసింది కాదు. తమరు తీసుకున్నది.

తమరు పెద్దవారు, నావంటి వారి అర్జీలు రోజూ కట్టలుగా వస్తుంటాయి. దీన్ని కట్టలో కలపకముందే ఒక్కసారి కడదాకా చదివి, తప్పు నా మెడకే చుట్టి, పిల్లను వదిలిపెట్టునట్లు చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
తాళాలవాడు

జతపరచినది: దొంగ తాళంచెవి ఒకటి, హెడ్మాస్టరు గారు నా ముందు విసిరేసినది, పురికొసతో కట్టి ఉన్నది.

తా.క. అయ్యా, కవరు అంటించేశాక మళ్ళీ చింపి, వెనక వైపు రాస్తున్నాను. అక్షరాలు కలిసిపోతే మన్నించాలి. పరుగెత్తుకుంటూ వచ్చాను.

ఇందాక కవరు కొనుక్కుని ఇంటికి వెళ్ళేసరికి పిల్ల లేదు. మంచం ఖాళీ. సంచీ లేదు, చెప్పులు లేవు. వాళ్ళమ్మ అప్పటికే లాండ్రీకి వెళ్ళిపోయింది. మొదట బస్టాండుకి పరుగెత్తాను. ఆ తర్వాత లారీలు ఆగే చోటుకి వెళ్ళి కనిపించిన ప్రతి డ్రైవరునీ పట్టుకుని అడిగాను. మా వాడప్పుడు ఎవరిని అడిగానో వాళ్ళల్లో ఒకాయన నన్ను గుర్తుపట్టి, ‘మళ్ళీనా?’ అన్నాడు. ఆ మాటకి అక్కడే కూలబడ్డాను. లేచి చివరికి బడికి వెళ్ళాను. అక్కడుంటుందన్న ఆశతో కాదు, ఇంకెక్కడికి వెళ్ళాలో తెలియక వెళ్ళాను.

వరండా చివర, గది ముందు మెట్ల మీద కూర్చుని ఉంది. సంచీ ఒళ్ళో పెట్టుకుంది. తలుపుకి తాళం వేసే ఉంది. క్లాసు పిల్లలంతా వరండా పొడుగునా నిలబడి ఉన్నారు. టీచరమ్మ చాక్‌పీసుల డబ్బా పట్టుకుని గోడకి ఆనుకుని నిలబడి ఉన్నారు. అటెండరుని అడిగితే, ‘హెడ్మాస్టరు గారు అధికారి గారి మీటింగుకి వెళ్ళారు. ఆ గొడవ తర్వాత ఈ గది తాళంచెవి ఆయన జేబులోనే ఉంటోంది, నన్నేం చెయ్యమంటావు?’ అన్నాడు.

‘నిన్ను రావద్దన్నారు కదే?’ అన్నాను పిల్లతో.

‘గదిలోకి రావద్దన్నారు. మెట్ల మీదకి కాదు’ అంది. ఇన్నాళ్ళకి నాతో అన్న మొదటి మాట సార్ అది.

నా నడుముకి పనిముట్ల సంచీ ఉంది. ఆ తాళం నాకు చిటికెలో పని. చెయ్యి దానంతట అదే సంచీ మీదికి వెళ్ళింది. పిల్ల చూసింది. ‘నువ్వు తియ్యకు నాన్నా. వెళ్ళి అడిగి తీసుకురా’ అంది. చెయ్యి తీసేశాను. ‘నువ్వు కూడా రావే’ అంటే, ‘నేను లేస్తే వీళ్ళంతా ఇళ్ళకి పోతారు’ అంది.

అందుకని నేనొక్కణ్ణే వచ్చాను. ఇప్పుడు తమ ఆఫీసు వరండాలో, తమ గది బయట నిలబడి ఉన్నాను. మీటింగు మధ్యలో ఎవరినీ పంపనన్న తమ ప్యూను, ఈ కాగితం మటుకు లోపలికి ఇస్తానన్నాడు. హెడ్మాస్టరు గారు తమ ఎదురుగానే కూర్చుని ఉంటారు. తాళంచెవి ఆయన జేబులో ఉంది. పైన రాసిన మెమోలు, విచారణలు, నా శిక్ష అన్నీ తమరు తీరిగ్గా చూసుకోండి. జవాబు రాయనక్కర్లేదు. ఆ తాళంచెవి ఒక్కటి ప్యూను చేత బయటికి పంపండి.

దారిలో ఎక్కడా ఆగను. తీసుకెళ్ళి పిల్ల చేతిలో పెడతాను. ఎవరిచ్చారు నాన్నా అని అడుగుతుంది. తమరే ఇచ్చి పంపారని చెబుతాను. ఈసారి అది నిజమయ్యేటట్టు చూడండి సార్.